మేకపోతు గడ్డం, నక్క తోక

రెండు కొండల మధ్య కనుమలో ఒక బల్లపరుపు బండ ఉంది. చాప పరిచినట్టు ఉంటుందని దాన్ని అందరూ చాపబండ అంటారు. దానికి తూర్పున, బాగా దిగువన చెరువు. పడమటి కొసన మాత్రం బండ ఒక్కసారిగా తెగిపోయి, నిలువునా లోయ.

బండ పక్క చెట్లమీద గూడబాతులు కాపురం ఉండేవి. చెరువులో చేపలు పట్టి, గొంతు కింది సంచి నిండా నింపుకుని వచ్చేవి. ఆ బరువుతో కొమ్మమీద వాలలేవు కదా, ముందు చాపబండ మీదే దిగేవి. అసలు గూడబాతుకి ఎగరడం కన్నా దిగడమే కష్టం. ఒళ్ళు పెద్దది, కాళ్ళు పొట్టివి. గాలికి ఎదురుగా వస్తే ఆ గాలే పట్టి ఆపుతుంది. గాలి వెనకనుంచి తోసిందో, ఇక ఆగమన్నా ఆగదు. బండంతా జారుకుంటూ పోయి లోయలో పడాల్సిందే.

అందుకని ఆ కొసన ఒక రాయి ఎక్కి సింగన్న అనే ముసలి మేకపోతు రోజంతా నిలబడేవాడు. జానెడు తెల్లగడ్డం ఆయనకి. గడ్డం చెరువు వైపు ఎగురుతుంటే నేరుగా వచ్చి దిగొచ్చు. ఊరికే వేలాడుతుంటే గాలి లేదని, అప్పుడూ నేరుగా రావచ్చు. లోయ వైపు ఎగురుతుంటే మాత్రం కొండ చుట్టూ తిరిగి లోయ మీదుగా రావాలి. దిగబోయి కుదరక ఇంకో చుట్టు తిరిగిన వాళ్ళని ఎవ్వరూ ఒక్క మాట అనకూడదు. అది చాపబండ కట్టుబాటు.

లోయలో ఒక నక్క ఉండేది. చేపల వాసన పైనుంచి వస్తుంది గానీ చేప రాదు. చూసి చూసి దానికి ఒక ఆలోచన తట్టింది.

ఒకరోజు పొద్దున్నే రాయి దగ్గరికి వచ్చి, "సింగన్న మావా, బాగున్నావా?" అంది.

"బాగానే ఉన్నాలే. నీకేం పని ఇక్కడ?"

"పనేం లేదు మావా. మనసు ఊరుకోక వచ్చాను. చెరువుకాడ నిన్ను చీపురు తాత అంటున్నారు."

సింగన్న చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఎవరా అన్నది?"

"ఒకరని ఏం చెప్పను? అంత పెద్దమనిషివి, గడ్డం చూస్తే అటో పాయ ఇటో పాయ. పిల్లలు కూడా నవ్వుతున్నారు. కాస్త తుమ్మబంక నానబెట్టి తెచ్చాను. రాసుకున్నావంటే పట్టుకుచ్చులా కుదురుగా ఉంటుంది."

"రాస్తే ఏమన్నా అవుద్దేమో..."

"ఏమవుద్ది మావా! నీ గడ్డం నీకెలాగూ కనపడదు. చూసేవాళ్ళం మేం చెబుతున్నాం కదా."

సింగన్న పాపం, కాసేపు ఆలోచించి గడ్డం చాపాడు. నక్క ఓపిగ్గా దువ్వి దువ్వి బంక పట్టించింది. ఎండ పొడ తగిలేసరికి గడ్డం చెక్కలా బిగుసుకుపోయింది.

నక్క అక్కడినుంచి చెరువు గట్టుకి పరిగెత్తింది. అక్కడ ఒక తల్లి గూడబాతు చేపలు పడుతోంది. పైన గూట్లో ఇద్దరు పిల్లలు ఆకలికి నోళ్ళు తెరుచుకుని ఉన్నారు దానికి.

"ఏం వదినా, నిన్న మూడు చుట్లు తిరిగావంట?" అంది నక్క.

"గాలి అట్లా ఉంది మరి. నీకెందుకయ్యా?"

"నాకెందుకులే. కొంగలు అనుకుంటుంటే విన్నాను. గానుగెద్దు ఆకాశంలో తిరుగుతోంది అని ఒకటే నవ్వు."

గూడబాతు మొహం చిన్నబోయింది. "ఎవరు అన్నా అననీ. ఇవాళ ఒక్క ఊపున దిగి చూపిస్తాను" అని సంచి నింపుకుని లేచింది.

ఆ రోజు వాన పట్టేలా ఉంది. గాలి తిరిగింది. తూర్పునుంచి, చెరువు మీదుగా, కనుమలోకి ఒకటే ఈడ్చి కొడుతోంది. గూడబాతు కనుమ దగ్గరికి వచ్చి చూస్తే సింగన్న గడ్డం కదలడం లేదు. 'గాలి లేదన్నమాట' అనుకుని నేరుగా దిగసాగింది.

సింగన్నకి చెవుల్లో గాలి హోరు తెలుస్తూనే ఉంది. గూడబాతు తన గడ్డం చూసి చుట్టు తిరిగొస్తుందిలే అనుకున్నాడు. అదేమో తిన్నగా వచ్చేస్తోంది.

"ఇటు కాదమ్మా! చుట్టు తిరుగు! చుట్టు!" అని అరిచాడు. గాలి ఎదురు. ఆ కేక నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే లోయలోకి కొట్టుకుపోయింది. తల విసిరాడు. గడ్డం కర్రముక్కలా గొంతుకి కొట్టుకుంది. అప్పుడు తెలిసింది తనేం చేశాడో.

కింద కాచుక్కూచోవాల్సిన నక్కకి ఆగబుద్ధి కాలేదు. చేపలు ఏ మూల పడతాయో చూసుకుందామని రాయెక్కి, సింగన్న పక్కనుంచి లోయలోకి తొంగి చూసింది. అలా వంగేసరికి గాలి వెనకనుంచి దాని తోకని ఎత్తి, వీపు మీదుగా తెచ్చి, తలమీద ముసుగులా కప్పి, లోయ వైపు జెండాలా ఎగరేసింది.

గూడబాతుకి అప్పటికే కింద చెట్లు ఎందుకో మామూలుకన్నా జోరుగా వెనక్కి పోతున్నట్టు అనిపించింది. తీరా చూస్తే తాత గడ్డమేమో కదలదు, పక్కన నక్క తోకేమో లోయ వైపుకి చాచుకుని ఉంది!

'ఇప్పుడు తిరిగితే కొంగలు మళ్ళీ నవ్వుతాయి' అనుకుంది. చెట్టుమీద పిల్లలు కనపడ్డారు. 'నవ్వితే నవ్వనీ' అనుకుంది. బండకి బారెడు ఎత్తున ఉండగా రెక్కలు టపటపా కొట్టి పైకి లేచి, సింగన్న కొమ్ముల మీదుగా, లోయ మీదుగా వెళ్ళిపోయింది.

ఆ రెక్కల విసురుకి, ముసుగులో ఏమీ కనపడని నక్క కాలు జారి లోయలోకి దొర్లింది. దారిలో రేగుకంప పట్టుకుని ఆపబట్టి బతికింది గానీ, తోకలో సగం వెంట్రుకలు ఆ కంపకే ఉండిపోయాయి.

గూడబాతు కొండ చుట్టి లోయ వైపునుంచి, గాలికి ఎదురుగా వచ్చింది. గాలి దాన్ని చంటిపిల్లని దించినట్టు బండమీద దించింది. సంచిలో చేప ఒక్కటి కూడా జారలేదు.

"నన్ను చీపురు తాత అంటున్నారంట కదా తల్లీ?" అన్నాడు సింగన్న తలొంచుకుని.

"మేమెందుకంటాం తాతా! నన్ను గానుగెద్దు అన్నారంట."

"ఎవరు చెప్పారు?"

"నక్క."

"నాకూ ఆ నక్కే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒకటే నవ్వు. పిల్లలు చేపలు మింగుతూ, ఎందుకో తెలియకపోయినా తామూ నవ్వారు.

వాన పడగానే సింగన్న గడ్డం మీది బంక మెత్తబడి కారిపోయింది, కొసన మాత్రం కాస్త జిగురు మిగిలింది. రేగుకంప దగ్గరికి పోయి గడ్డం దానికి రాశాడు. నక్క తోక వెంట్రుకలన్నీ అంటుకుని, తెల్లగడ్డం కొసన జానెడు ఎర్ర కుచ్చు వేలాడింది. మళ్ళీ రాయెక్కి నిలబడితే అది చెరువు అవతలికి కూడా కనపడేలా ఎగిరింది.

కిందనుంచి నక్క రోజూ తలెత్తి ఆ కుచ్చు చూస్తుంది, మొండితోక చూసుకుంటుంది, పొదలోకి పోతుంది.

ఎవరో నవ్వుతారని తొందరపడి దిగేకన్నా, ఇంకో చుట్టు తిరిగి క్షేమంగా దిగడమే తెలివి.