అత్తని తిట్టుకుంటూ ఏడు కోసులు

అనగనగా ఉలవలపల్లి అని ఒక ఊరుండేది. ఊ కొట్టండి మరి, నేను గోడకి చెప్పుకోవడం లేదు. ఆ ఊరికి కాలవుంది గానీ కాలవలో నీళ్ళు లేవు. తూము తాళం రాజుగారి దగ్గరుంది. ఆ రాజుకో తిక్క. ఏటా ఒకరోజు ఊరికొకరు చొప్పున పొద్దు పొడవగానే బయల్దేరి, ఏడు కోసులు పరిగెత్తి, జాము పొద్దెక్కి నగారా మోగేలోగా కోట గుమ్మం తొక్కాలి. తొక్కిన ఊరికే తూము తెరుస్తాడు. తొక్కని ఊరు మళ్ళీ ఏడాది దాకా ఆకాశం కేసి చూస్తూ కూచోవాలి. ఉలవలపల్లి వాళ్ళు అప్పటికే రెండేళ్ళుగా చూస్తున్నారు.

ఆ ఏడు పరిగెత్తే వంతు పోలమ్మ ఇంటికొచ్చింది. కొడుకు చూస్తే కాల్లో నాగలి కర్రు దిగి మంచం మీదున్నాడు. మిగిలింది కోడలు వరాలు. నాలుగడుగులు గబగబా వేస్తేనే ఆయాసం దానికి. అయినా మా ఇంటి వంతు తప్పి ఊరు ఎండిపోతే తలెత్తుకోలేనని చెంగు బిగించింది. నలభై రోజులే గడువు.

మొదటిరోజు గడ్డివామి దాకా వెళ్ళి కూలబడింది. రెండోరోజూ గడ్డివామి దాకానే, పైగా ఒళ్ళునొప్పులు. మూడోరోజు పోలమ్మ గుమ్మంలోంచి చూసి, కాలు కాలిన పిల్లిలా ఆ ఉరుకేమిటే అని కేకలేసి, ఒక ఉపాయం చెప్పింది. నన్ను తిట్టుకుంటూ పరిగెత్తు. తిట్టడానికి ఊపిరి చాలకపోతే అడుగు తగ్గించు, చాలితే సాగిపో.

వరాలు సిగ్గుపడింది. సిగ్గెంతసేపుంటుంది? గడ్డివామి దగ్గరికొచ్చేసరికి, చారులో ఉప్పెక్కువైందని అత్త నలుగురిలో అన్నమాట గుర్తొచ్చింది. ఆ తిట్టుతో గడ్డివామి దాటింది. పుట్టింటికి పంపలేదన్న తిట్టుతో చింతతోపు దాటింది. చింతతోపు దాటి వాగు, వాగు దాటి ఇటికల బట్టీ, బట్టీ దాటి పొరుగూరు. సాయంత్రం పోలమ్మే ఆ కాళ్ళకి ఆముదం రాస్తూ, ఇవాళ నన్నెందాకా తిట్టావే అని అడిగేది. నవ్వుతావేమే చంటీ, నిజంగానే!

పందెం రోజు వచ్చింది. మిగతా ఊళ్ళవాళ్ళు బాణాల్లా దూసుకుపోయారు. వరాలు అందరికన్నా వెనక, గొణుక్కుంటూ. ఊ కొడుతున్నారా, పడుకున్నారా? ఇక్కడే ఉంది అసలు సంగతి. ఆ దారిలో ఊళ్ళవాళ్ళకి మర్యాద మహా ఎక్కువ. ఒక ఊళ్ళో అరిసెలు, ఇంకో ఊళ్ళో బూరెలు, ఆపైన గారెలు. వద్దంటే వాళ్ళని అవమానించినట్టు. తిన్నవాడు తిన్నట్టే చెట్టుకింద గురక. ఉలవలపల్లి వాళ్ళు రెండేళ్ళూ గురకపెట్టింది అక్కడే.

వరాలు కొంగు పట్టింది. ఆడకూతురి ఒళ్ళో పెట్టాక పుచ్చుకున్నట్టేగా, ఇక్కడే తినమని ఎవరంటారు? అరిసెలు కొంగులో, బూరెలు కొంగులో, గారెలు కొంగులో. గుక్కెడు మజ్జిగ తాగడం, సాగడం. బరువు కాదా అంటావా? బరువే. బిందెలు మోసే నడుముకి అదో లెక్కట్రా?

ఆరో కోసు దాటేసరికి అసలు చిక్కొచ్చింది. తిట్లు అయిపోయాయి. ఉప్పు గొడవ అయిపోయింది, పుట్టింటి గొడవ అయిపోయింది, ఎంత వెతికినా ఇంకొక్కటీ దొరకదు. కాళ్ళు బిగుసుకుపోయాయి. దూరంగా కోట గుమ్మం కనపడుతోంది గానీ, పాపం, ఇంక నావల్ల కాదని ఆగబోయింది.

అప్పుడు ఆముదం వాసన తగిలింది. తన కాళ్ళదే. ఆవేళ తెల్లారగట్ల అత్త రాసిందే. ఆ నలభై రోజులూ చద్దన్నంలో మీగడంతా తన కంచంలోనే వేసింది. తనకి జ్వరమొచ్చిన నాడు నూతి నీళ్ళు అత్తే తోడింది. వరాలు కళ్ళు తుడుచుకుని, అత్తని పొగడటం మొదలెట్టి అడుగు కదిపింది. పొగుడుతూ పొగుడుతూ గుమ్మం తొక్కింది. అది తొక్కడం, నగారా మోగడం ఒకేసారి.

తను ఇల్లు చేరేలోగానే కాలవలో నీళ్ళు చేరాయి. కొంగు విప్పితే ఊరంతటికీ ఫలహారం. పోలమ్మ దగ్గరికొచ్చి, తిట్లు సరిపోయాయా అని అడిగింది.

"ఆరు కోసులకే వచ్చాయత్తా. ఏడోది నిన్ను పొగిడి గట్టెక్కాను."

పోలమ్మ ఒక బూరె తీసి కోడలి నోట్లో పెట్టింది. చారులో ఉప్పు గురించి మళ్ళీ అనలేదంటారు గానీ, నేన్నమ్మను.

అందుకనే దేనికైనా మాట్లాడే ఊపిరి మిగుల్చుకుని పరిగెత్తాలర్రా. కథేమో కంచిదాకా పరిగెత్తుకుంటూ పోనీ, మనం మటుకు దుప్పట్లోకి.