బురుల్ పంచిన తోడు

గుర్రాలకు తెలిసిన దారులు మనుషులకింకా తెలియని కాలంలో, మంచుకొండలకు ఈవల ఒక చిన్న తురుష్క తెగ ఉండేది. నలభై పొయ్యిలు, అంతే. వాళ్ల తాతలు కొండల అవతల కోక్‌సూ నది ఒడ్డు నుంచి వచ్చారు. వస్తూ తెచ్చుకున్నది ఒక్కటే: గుర్రపుపాలు పులియబెట్టే తోడు, ఒక తోలుతిత్తిలో.

ఆ తిత్తికి పొగపెట్టి, పాలు పోసి, రోజుకు వెయ్యిసార్లు చిలికే పని బురుల్‌ది. ఆమె పిల్లాపాపా లేని విధవ. చిలికే చేతులకు పేరుండదు, తాగే నోళ్లకే వంశాలుంటాయి. ఎక్కడైనా అంతే కదా.

తోడు అడిగినవాళ్లకు ఆమె ఒకటే మాట చెప్పేది. "తీసుకో. నాకు తిరిగివ్వకు, లేనివాళ్లకివ్వు."

తెగపెద్ద బెక్తూర్ మాత్రం, తోడు తెగ గడప దాటితే జాతి మట్టిలో కలుస్తుందని కట్టడి చేశాడు. అయినా బురుల్ మూడుసార్లు దాటించింది. పడవవాడికిచ్చింది. కుమ్మరి ఇల్లాలికిచ్చింది. కొండమీది మేకలకాపరి జామ్లీకిచ్చింది. మూడోసారి తెలిసి పెద్దలు మండిపడ్డారు, తిత్తి లాక్కున్నారు. బెక్తూర్ దాని మూతి బిగించి తన గుడారంలో దాచాడు.

ఆ ఏడే రాజుగారికి యుద్ధం పుట్టింది. భటులొచ్చి ఆడగుర్రాలన్నిటినీ తోలుకుపోయారు. రెండేళ్లకు నాలుగు తిరిగొచ్చి ఈనాయి. పాలొచ్చాయి. తిత్తి విప్పితే లోపల పురుగులు.

అప్పుడే బెక్తూర్ ఇంట మనవరాలు పుట్టింది. నలభయ్యో నాడు పిల్ల పెదవికి ఆ పులుపు తాకించి, ఏడుగురు తాతల పేర్లు వినిపించాలి. లేకుంటే పిల్ల తెగది కాదు. కోక్‌సూకి పోయిరావాలంటే తొమ్మిది నెలలు. కోడలు ఏడుస్తుంటే బెక్తూర్ తలెత్తలేదు.

బురుల్ కర్ర పట్టుకుని బయల్దేరింది. పడవవాడి కుండ వరదలో పోయింది. కుమ్మరి ఇంటిది కరువులో ఎండిపోయింది. ఆమె కొండెక్కింది. జామ్లీ దగ్గర ఉంది, మేకపాలలో, నురగలు కక్కుతూ.

"తిరిగివ్వొద్దని నువ్వే అన్నావుగా అక్కా," అని నవ్వింది జామ్లీ. "ఇవ్వను, పో."

"నాకివ్వకు. కింద ఒక పిల్ల పుట్టింది, దానికివ్వు."

జామ్లీ కుండ నెత్తినెత్తుకుని తనే దిగింది. మూడు రోజులు గుర్రపుపాలలో పులియబెట్టారు. నలభయ్యో నాడు బెక్తూర్ మొహం చిట్లించాడు. మేకల వాసన, పరాయి చెయ్యి, ఇది మనదెలా అవుతుందన్నాడు.

"పెద్దయ్యా, కోక్‌సూ నుంచి ఇది చేతులు మారుతూనే వచ్చింది," అంది బురుల్. "దాచిన చోటే చచ్చింది."

బెక్తూర్ వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. తరవాత పిల్ల పెదవి తడిపి ఏడు పేర్లూ చెప్పాడు.

మంచు పడకముందే బురుల్ పోయింది. సమాధి దగ్గర ఏడ్వడానికి సొంతవాళ్లు లేరు. నలభై పొయ్యిలూ ఏడ్చాయి, జామ్లీ ఏడ్చింది.

ఇప్పటికీ ఆ తెగలో బిడ్డ పుడితే ఏడుగురు తాతల పేర్లు చెప్పి ఆగరు. ఎనిమిదో పేరు బురుల్ అంటారు. ఆమె నీకేమవుతుందని ఎవరైనా అడిగితే, పసివాళ్లు కూడా తడుముకోకుండా చెబుతారు: "మా అమ్మమ్మ."