చెంగమ్మ గుణింతం

ఎండలు ముదిరి ఏరు సన్నటి పాయగా చిక్కిపోయాక, ఆ అడవిలో పచ్చగా మిగిలింది ఏటి నడుమ లంక ఒక్కటే. ఆ గడ్డి దక్కితే గాడిదల మంద బతుకుతుంది. దక్కకపోతే తొలివాన చూడకుండానే సగం మంది రాలిపోతారు. అందుకే పంచాయతీ రోజు అందరికంటే ముందొచ్చి నిలబడింది మంద పెద్ద చెంగమ్మ. వయసు మళ్ళిన గాడిద. రెండు నెలలుగా గోరువంక పంతులమ్మ దగ్గర ఇసుకలో గిట్టతో అక్షరాలు దిద్దుతోంది.

"ఏమత్తా, చదువు పూర్తయిందా? కలెక్టరువై మమ్మల్ని మర్చిపోతావేమో!" ఇకిలించాడు గుమాస్తా నక్క.

"ఇంకా 'మ' గుణింతం దగ్గరే ఉన్నాను అల్లుడూ. నా బుర్ర మందం నీకు తెలియనిదా?"

సర్పంచి ఏనుగు లంకను గాడిదలకిద్దామన్నాడు. ఎవరూ కాదనలేదు. నక్క అప్పటికే తీర్మానం రాసి తెచ్చాడు. గొంతు సవరించుకుని చదివాడు: "లంకలో మేత అంతా గాడిదలదే!"

మందంతా సంబరంగా ఓండ్రపెట్టింది.

"ఇక్కడ గిట్ట వెయ్యత్తా."

చెంగమ్మ గిట్ట ఎత్తింది. ఎత్తి, ఆగింది. "ఒక్కసారి నేను చదువుకోనా?"

"నువ్వు చదివేసరికి గడ్డి ఎండిపోతుంది!" అన్నాడు నక్క. కోతులు పగలబడి నవ్వాయి. సిగ్గుతో చెంగమ్మ చెవులు వాలిపోయాయి. అయినా కాగితం మీదికి వంగింది.

"ల... పక్కన సున్నా... లం. క. లంక. లో. లంకలో." ఓ కోతి ఆవులించింది. "మ..." చెంగమ్మ అక్కడే ఆగిపోయింది. "మకు ఏత్వమిస్తే మే. మకు ఓత్వమిస్తే మో." మళ్ళీ చూసింది. తలెత్తింది. "అల్లుడూ, ఇది మేత కాదు. మోత! లంకలో మోత అంతా గాడిదలదే అని రాశావు!"

ఏనుగు కాగితం లాక్కుని చూశాడు. "అవును, మోతే!"

"చెయ్యి జారింది దొరా! ఒక్క గుణింతమేగా!"

"ఆ ఒక్క గుణింతం మా వీపులు విరిచేది. నీ చుట్టాలంతా లంకకు కాపురం మారుస్తున్నారట కదా, ఆ మూటలెవరు మొయ్యాలి?"

ఏనుగు కళ్ళెర్రజేశాడు. "ఇప్పుడే దిద్దు!"

"దిద్దించండి దొరా," అంది చెంగమ్మ. "కానీ అల్లుడు అంత కష్టపడి రాసిన మాట పారేయడమెందుకు? మేత గాడిదలది, మోత నక్కలది అని చేర్చించండి."

ఈసారి కోతులు నవ్వింది నక్కను చూసి. ముసలివాళ్ళకు బడి మూసెయ్యాలని రాసుకొచ్చిన మరో కాగితాన్ని అతను చంకలో దాచుకోబోయాడు. ఏనుగు దాన్ని తొండంతో లాగి, చదివి, నాలుగు ముక్కలు చేశాడు.

"చెంగమ్మా, బడి చట్టం నువ్వే చెప్పు. రాయిస్తాను."

"బడిలో ఎవరి వయసూ అడక్కూడదు. గిట్ట వేసేవాళ్ళు తామే చదివితే తప్ప ఏ కాగితమూ చెల్లకూడదు. చదవడం రాకపోతే, వచ్చేదాకా ఆగాలి."

"వచ్చేదాకానా? నూరేళ్ళు పడితే?" నక్క కీచుమన్నాడు.

"నూరేళ్ళూ బడి తెరిచే ఉంటుంది అల్లుడూ."

ఆ మధ్యాహ్నమే, చుట్టాల మూటలు నెత్తిన పెట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో ఏరు దాటాడు గుమాస్తా నక్క.

నీతి: చదువుకు వయసు గీత గీసేవాడు, తన మోసానికి కంచె కట్టుకుంటున్నాడని తెలుసుకోండి.