నలభై మూడు రీడింగులు

నూకరాజు మాస్టారిని సూటిగా అడిగితే సూటిగా జవాబు రాదు. ఐటీఐలో పాతికేళ్లు ఎలక్ట్రీషియన్ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని జీపులకీ వ్యాన్లకీ వైరింగ్ చేస్తున్న మనిషి. "ఏ వైరు వెయ్యమంటారు మాస్టారూ?" అంటే, "ముందు బండి కింద పడుకుని ఓసారి చూసి రా" అంటారు. చూసి వచ్చేసరికి మన ప్రశ్న మారిపోయి ఉంటుంది. నేనూ ఆయన శిష్యుణ్ణే. బాగా నేర్చుకున్నవాళ్లు ఉద్యోగాలకి వెళ్లిపోయారు, నేను పదమూడేళ్లుగా ఆ షెడ్డులోనే ఉండిపోయాను.

ఇది మా లోకనాథం సంగతి. నాతోపాటే చదివాడు, సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం వచ్చింది. గంటగంటకీ మీటర్లు చూసి లాగ్‌షీట్‌లో రీడింగు రాయడం వాడి పని. ఇరవై రెండేళ్లుగా రాస్తూ రాస్తూ ఆ అలవాటు ఇంటికి కూడా మోసుకొచ్చాడు. వాడి భార్య కుసుమగారు హైస్కూల్లో సోషల్ టీచరు. ఆవిడకి షుగరు, పదకొండేళ్లుగా ఇన్సులిన్ మీద ఉంది. "తిన్నావా, సూది వేసుకున్నావా, కళ్లు తిరగడం లేదు కదా" అంటూ స్కూలుకి గంటకో ఫోను. ఆ ఫోను మోగగానే పిల్లలు "టీచర్, రీడింగ్!" అనేవారట. వాడు చాలా మంచివాడు, వచ్చిన చిక్కల్లా అదే.

ఆరేళ్ల కిందట ఇద్దరూ జగదల్‌పూర్‌లో పెళ్లికి వెళ్లారు. ఇన్సులిన్‌ని ఐసు ముక్కలేసిన ఫ్లాస్కులో పెట్టుకుని తీసుకెళ్లారు. దారిలో ఐసు కరిగిపోయింది, మందు ఎండకి పాడైంది, ఆ సంగతి తెలియక ఆవిడ అదే వేసుకుంది. మూడో రోజున ఆవిడ ఒళ్లు తెలియకుండా పడిపోయింది. పెళ్లివారంతా భోజనాల దగ్గరుంటే వీళ్లు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ తర్వాత లోకనాథం ప్రయాణాలన్నీ మానిపించేశాడు. అన్నవరం వెళ్లినా మధ్యాహ్నానికి ఇంట్లో ఉండాల్సిందే.

ఈ ఏడాది ఏప్రిల్లో ఆవిడ ఒక మాట అంది. "హిమాలయాలు మంచుతో కప్పబడి ఉండును అని పద్దెనిమిదేళ్లు పాఠం చెప్పానండీ. ఆ మంచు ఒక్కసారి ముట్టుకోవాలని ఉంది. ఈ వేసవికి తీసుకెళ్తే సరే, లేకపోతే మరి అడగను." కోపంగా అని ఉంటే వాడు నచ్చజెప్పేవాడేమో. మామూలుగా, చెయ్యి తుడుచుకుంటూ అందట. 'మరి అడగను' అన్న ఆ మాటకి మావాడు హడలిపోయాడు. పది రోజుల్లో నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పే పాత జీపు ఒకటి కొని, మే నెల మొదట్లో ఒక కాయితం పట్టుకుని షెడ్డుకి వచ్చాడు.

"మాస్టారూ, హిమాలయాల్లో స్పితి లోయ దాకా వెళ్లి రావాలి. దారిలో ఎక్కడైనా కొండ విరిగిపడి మూడు రోజులు ఆగిపోయినా మందు చల్లగా ఉండాలి. బ్యాటరీ మీద నడిచే ఫ్రిజ్ పెట్టెలు వస్తున్నాయి కదా, ఎన్ని లీటర్లది కొనమంటారు? దానికి ఎంత బ్యాటరీ పెట్టమంటారు?"

మాస్టారు కాయితం తీసుకుని కళ్లద్దాలు సవరించుకున్నారు. అరవై లీటర్ల పెట్టె, రోజుకి ముప్పై ఆంపియర్ అవర్ల కరెంటు, మూడు రోజులకి తొంభై, బ్యాటరీ నూరు. కింద రెండు గీతలు కొట్టి, చాలకపోతే ఇంజను బ్యాటరీని కూడా కలిపేద్దామని రాసుకొచ్చాడు.

"లెక్క బాగుంది. ఇంజను బ్యాటరీ జోలికి మాత్రం పోకు, ఇంటికి తీసుకొచ్చేది అదే," అన్నారు మాస్టారు. "ఆ మూల పెట్టొకటి ఉంది, నువ్వన్న అరవై లీటర్లదే. పక్కన నూరు బ్యాటరీ ఉంది. రెండూ బండిలో పెట్టు. దారికి ఏమేం తీసుకెళ్తారో అన్నీ సర్దు. డేటు దాటిపోయిన మందు సీసా ఒకటి ఇంట్లో అడిగి తెచ్చి అందులో వెయ్యి. ఇంజను వెయ్యకుండా మూడు రోజులు ఈ ఎండలో నిలబెట్టు. తరవాత మాటాడుకుందాం."

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి పెట్టె నింపాడు. చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండు డజన్ల నీళ్ల సీసాలు, దోసెల పిండి క్యాను, కూల్‌డ్రింకులు, కోసి ఉప్పు రాసిన కొరమీను, పైగా ఆవకాయ జాడీ. ఆవకాయని ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ణి నేను అప్పుడే చూడటం. చేప ఉంది కాబట్టి, చల్లదనం ఎంత ఎక్కువైతే మందుకి అంత మంచిదని వాడి నమ్మకం కాబట్టి, డిగ్రీల నంబరు ఎంత కిందకి దిగుతుందో అంతా దించేశాడు. సెలవు పెట్టి బండి పక్కనే స్టూలు వేసుకుని, లాగ్‌షీట్ గీసుకుని కూర్చున్నాడు.

ఆ పెట్టెకి బయటే అంకె కనబడుతుంది. వాడు దాన్ని నమ్మలేదు. గంటకోసారి, ఎండెక్కాక అరగంటకోసారి మూత ఎత్తి, థర్మామీటరు గుచ్చి, చూసి, రాసి, మూసేవాడు. రాత్రి కూడా అలారం పెట్టుకుని లేచాడట. మే నెల కదా, పెట్టె తెరిచినప్పుడల్లా షెడ్డుకి వచ్చినవాళ్లంతా ఒక చల్లటి సీసా పుచ్చుకునేవారు. ఆ చోట్లో వాడు వేడి సీసా పెట్టేవాడు. నేను తాగినవే నాలుగు, ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

శనివారం మధ్యాహ్నం రెండున్నరకి పెట్టె కుయ్యికుయ్యిమని అరిచి ఆగిపోయింది. బ్యాటరీ ఖాళీ. మూడు రోజులు రావలసింది రోజున్నర కూడా రాలేదు. లోకనాథం మొహం చూడలేకపోయాను. "బ్యాటరీలో లోపం ఉంది మాస్టారూ. లేకపోతే ఇంకా పెద్దది, నూట యాభైదీ రెండు వందలదీ వెయ్యాలి. లెక్కలో తప్పు లేదు, కావాలంటే చూడండి."

మాస్టారు లాగ్‌షీట్ తీసుకుని వేలితో ఒక్కొక్క గీతా లెక్కపెట్టారు. "నలభై మూడు రీడింగులు," అన్నారు. "లెక్కలో తప్పు లేదురా. లెక్కలో నువ్వే లేవు."

సరిగ్గా అప్పుడే కుసుమగారు క్యారేజీ తీసుకుని వచ్చింది. వేసవి సెలవులు కదా, మొగుడికి అన్నం తెచ్చింది. పెట్టె తెరిచి, డేటు దాటిన ఆ మందు సీసాని పైకి తీసి వెలుతురులో పట్టుకుంది. గాజు పక్కనంతా ఇంకా మంచు పట్టి ఉంది.

"ఇది గడ్డకట్టిందండీ. గడ్డకట్టిన మందు కరిగాక కూడా పనికిరాదు. ఎండకి పోయినట్టే చలికీ పోతుంది. పదకొండేళ్లుగా వేసుకుంటున్నదాన్ని, నన్నొక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదా?"

లోకనాథం ఆవిడ దగ్గర్నుంచి అందుకున్నాడు. సీసాని రెండు చేతులతో పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. "వద్దు కుసుమా. ఈ ప్రయాణం మన వల్ల కాదు," అన్నాడు. ఆవిడ మొహంలో దీపం తగ్గించినట్టయింది. నాకు మాస్టారి మీద కోపం వచ్చింది. ఇంత చదువుకున్న మనిషి, ఇదిగో ఈ పెట్టె కొను, ఈ బ్యాటరీ పెట్టు అని మొదటే చెప్పేస్తే పోయేది కదా అనుకున్నాను.

మాస్టారు నా వైపు చూడనైనా లేదు. "ఆ బ్యాటరీ నింపు," అని నాకు చెప్పి, ఆవిడ వైపు తిరిగారు. "అమ్మా, అదే పెట్టె, అదే బ్యాటరీ, అదే ఎండ. ఈసారి నువ్వు సర్దు."

సోమవారం ఆవిడ సర్దింది. ఆవకాయనీ చేపనీ పిండినీ ఇంటికి పంపేసింది. ముందు రోజే ఇంట్లో చల్లబరిచిన సీసాలు అడుగున పేర్చింది. మధ్యలో, గోడలకి తగలకుండా, తువ్వాలులో చుట్టి మందు డబ్బా పెట్టింది. పక్కన చిన్న గిన్నెడు పెరుగు. నంబరు ఐదు మీద పెట్టి మూత వేసింది. డబ్బాలో ఉన్నది డేటు దాటిన సీసా కాదు, నెలంతా వేసుకోవలసిన అసలు మందు.

"అది పాడైతే?" అన్నాడు లోకనాథం.

"పాడైతే ఇక్కడే పాడవుతుంది. మందుల షాపు రోడ్డుకి అవతలే ఉంది," అంది ఆవిడ.

మాస్టారు వాడికి జీపు ముందుభాగంలో పని అప్పజెప్పారు. ఇంజను తిరిగినంతసేపూ రెండో బ్యాటరీ నిండాలి, ఇంజను ఆగగానే రెండూ విడిపోవాలి, ఫ్రిజ్ ఒక్కటే రెండోదాని మీద బతకాలి. ఆ వైరింగ్. చేతులు బానెట్ కింద ఉన్నా వాడి చెవులు వెనకే ఉన్నాయి. ఆవిడ షెడ్డు బల్ల మీద కూర్చుని మ్యాపులో పెన్సిలుతో దారి గీసుకుంటోంది. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి సూది వేసుకోవాలి కాబట్టి మూత తీసింది. తీసి, తీసుకుని, వేసింది. పట్టుమని పది అంకెలు లెక్కపెట్టేంతసేపు కూడా పట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నర అయింది. క్రితంసారి పెట్టె చచ్చిపోయిన సమయం. లోకనాథం స్పానరు కింద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వెనక్కి వెళ్లాడు. మూత మీద చెయ్యి వేశాడు.

"ఏవండీ," అంది ఆవిడ మ్యాపులోంచి తల ఎత్తకుండా.

"ఒక్కసారి కుసుమా. నాకు జగదల్‌పూర్ కళ్లముందు కనబడుతోంది."

ఆవిడ పెన్సిలు పక్కన పెట్టింది. "నాకూ గుర్తేనండీ. ఆ రోజు ఫ్లాస్కు మీ ఒళ్లోనే ఉంది, నన్ను ముట్టుకోనివ్వలేదు. కొత్తవలస దాటినప్పట్నుంచీ స్టేషను స్టేషనుకీ మూత తీసి ఐసు ఉందో లేదో చూశారు." మ్యాపు మడిచింది. "మీరు భయపడుతున్నారని తెలిసి ఆరేళ్లు నేనీ మాట అనలేదు."

వాడి చెయ్యి మూత మీదే ఉంది. నేను పక్కకి తిరిగిపోయాను. నాకూ భార్య ఉంది, నేనూ ఆవిడని ఏవేవి ముట్టుకోనివ్వలేదో ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కాసేపటికి స్పానరు చప్పుడు వినిపించింది. వాడు తిరిగి బానెట్ దగ్గరికి వెళ్లిపోయాడు.

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి మూడు రోజులూ నిండాయి. పెట్టె ఇంకా సన్నగా గుర్రుమంటూనే ఉంది, అంకె ఐదు దగ్గరే ఉంది. బ్యాటరీలో చారెడు మిగిలింది. వాడు కాయితం మీద రాసుకొచ్చిన తొంభై తొంభైగానే తేలింది. కుసుమగారు గిన్నెలోని పెరుగు అందరికీ తలా ఒక చెంచా పెట్టింది. పులవలేదు.

"ఇప్పుడైనా చెప్పండి మాస్టారూ, పెద్దది కొనమంటారా, చిన్నదా?" అన్నాడు లోకనాథం.

"వెళ్లి ఆవిణ్ణి అడుగు."

అడిగాడు. ఆవిడ తన మందు డబ్బా, నాలుగు సీసాలు, పెరుగు గిన్నె బల్ల మీద పేర్చి, చేతులతో కొలత చూపించింది. ఆ అరవై లీటర్లలో సగం పెట్టె సరిపోయింది. బ్యాటరీ మాత్రం నూరుదే ఉండనిమ్మంది, దారిలో ఎవరికైనా మందు దాచిపెట్టాల్సి రావచ్చు అని. జూన్ మొదటి వారంలో బయల్దేరారు. బండి కదిలేటప్పుడు చూశాను, పెట్టె వాడి వైపు కాకుండా ఆవిడ సీటు వెనక బిగించి ఉంది. అది ఎవరు బిగించారో నేను అడగలేదు.

రెండు వారాలు ఫోను లేదు. రోజూ నేనే మాస్టారిని అడిగేవాణ్ణి, ఏమైనా తెలిసిందా అని. ఆయన వైరు చివరలు గీకుతూ "ఊఁ" అనేవారు.

ఒక సాయంత్రం ఫోను మోగింది. నేను ఎత్తి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాను. గాలి హోరు, దాని మధ్య లోకనాథం గొంతు, చిన్నపిల్లాడిలా. "మాస్టారూ! ముట్టుకుంది! కనుమ మీద ఉన్నాం. రెండు చేతుల్తోనూ మంచు తీసి మొహానికి రాసుకుంటోంది. నవ్వుతూనే ఉంది మాస్టారూ, ఎంత పిలిచినా రావట్లేదు."

"మంచిది. దారిలో ఆగాల్సొచ్చిందా?"

"రెండు రోజులు ఇరుక్కుపోయాం, కొండ విరిగి రోడ్డు మీద పడింది."

"మరి పెట్టె?"

"చల్లగానే ఉన్నట్టుంది మాస్టారూ."

మాస్టారి చేతిలో వైరు ఆగింది. "ఉన్నట్టుందా? నువ్వు తీసి చూడలేదూ?"

"లేదు మాస్టారూ," అన్నాడు.

ఫోను పెట్టేశాక మాస్టారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. నా వైపు చూసి అన్నారు:

"ఆ బండి వైరింగు ఇవాళ్టికి పూర్తయిందిరా."