నాలుగు సెకన్ల విలన్

సింహాద్రి తీసిన సినిమాలో విలన్ లేడు. అందుకే దాన్ని ఎవరూ కొనలేదు.

సినిమా పూర్తయి ఐదు నెలలైంది. హైదరాబాదులో కాళ్లరిగేలా తిరిగి పదిమందికి చూపించాడు. చూసినవాళ్లందరూ బాగుందన్నారు. బాగుందన్నవాళ్లే మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఒక పెద్దమనిషి మాత్రం కళ్లు తుడుచుకుంటూ లేచి, భుజం మీద చెయ్యి వేసి ఉన్నమాట చెప్పాడు. ఏడుపైతే వచ్చింది గానీ ఎవడి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదట. జనానికి తిట్టుకోవడానికి ఒక్కడైనా కావాలట. ఆ ఒక్కణ్ణి చూపిస్తే వచ్చే నెలలోనే విడుదల చేస్తానన్నాడు.

సింహాద్రికి ఇది మామూలు సినిమా కాదు. అందులో మునిగిపోయే పిల్ల అతని చెల్లెలు.

రత్నానికి అప్పుడు తొమ్మిదేళ్లు. వంశధార అవతలి ఒడ్డున బడి, ఇవతల ఊరు. వానలో పడవ ఎక్కింది. నది నడుమ పడవ ఒరిగింది, పిల్ల జారింది. మూడోరోజు దొరికింది. జరిగి పద్దెనిమిదేళ్లయింది.

సినిమాలో సింహాద్రి జరిగింది జరిగినట్టే తీశాడు. పరీక్ష ఉంది, వానొచ్చినా రావాల్సిందేనన్న మాస్టారు ఉన్నాడు. మారాం చేస్తున్న పిల్లకి గట్టిగా జడేసి పంపిన అమ్మ ఉంది. నదిలో రెండు స్తంభాల దగ్గరే ఆగిపోయిన వంతెన కూడా ఉంది. పడవలో ఎవరిదో మేక బెదిరితే దాన్ని పట్టుకోబోయి జనమంతా ఒక పక్కకి జరిగారు. అందులో ఎవరికీ రత్నం మీద పగ లేదు. తలా కాస్త చేశారు, పిల్ల పోయింది.

కానీ నిజం చెప్పుకోవాలంటే, అంత నిదానంగా సినిమా తీసినవాడికి లోపల నిదానం లేదు. పిల్ల పోయిన కొత్తలో సింహాద్రి బడి మాస్టారిని ద్వేషించాడు. ఆయనకి పక్షవాతం వచ్చి నోరు వంకర పోయాక ఆ కోపం నిలవలేదు. తర్వాత వంతెన ఆపేసినవాళ్లని తిట్టుకున్నాడు. వాళ్లు ఎవరో, ఎక్కడుంటారో తెలియదు. పేరూ ముఖమూ లేనివాళ్ల మీద ఎన్నాళ్లని మండిపడతాడు? చివరికి పడవ నడిపిన తవిటయ్య దొరికాడు. ఎప్పుడు ఊరెళ్లినా రేవులో కనిపిస్తాడు. పడవ తోసే గెడ పట్టుకుని నిలబడ్డాడు గానీ పిల్ల కోసం నీళ్లలోకి దూకలేదు. గెడ వదిలేస్తే పడవలో ఉన్న పద్నాలుగుమందీ పోయేవారని ఊరంతా అంది. సింహాద్రి వాళ్లమ్మ కూడా ఆయన్ని ఒక్కమాట అనలేదు. అమ్మ అనకపోవడం సింహాద్రిని ఇంకా కాల్చింది.

సినిమాలో పడవవాడి వేషం వేసింది కూడా తవిటయ్యే. అడగడానికి వెళ్తే, “నానే ఉండాలేటి బాబూ?” అన్నాడు. రెండు రోజులు కనిపించలేదు. మూడోరోజు పొద్దున్నే గడ్డం గీయించుకుని రేవుకొచ్చి నిలబడ్డాడు. వేరేవాళ్లకి గెడ పట్టడం రాదు కాబట్టి ఈయన్ని పెట్టానని సింహాద్రి తనకి తాను చెప్పుకున్నాడు.

ఇప్పుడు విలన్ కావాల్సి వచ్చేసరికి వెతుక్కోనక్కర్లేకపోయింది. ఇంట్లో కూర్చుని వారం రోజుల్లో సినిమాని తిరగరాశాడు, కత్తెరతోనే. బడి మాస్టారిని తీసేశాడు, స్తంభాలు తీసేశాడు, మేకని తీసేశాడు. నీళ్లలోంచి పిల్ల చెయ్యి రెండుసార్లు పైకి లేస్తుంది. ఆ రెండింటి మధ్య తవిటయ్య ముఖం పెట్టాడు. నాలుగు సెకన్లు. ఆ ముఖంలో జాలి లేదు, కంగారు లేదు. నీళ్లకేసి చూస్తూ కదలకుండా నిలబడ్డ మనిషి. దాని కింద ఒక దరువు వేశాడు. చూసిన ఎవడికైనా రక్తం మరిగిపోతుంది. సింహాద్రికే లేచి వెళ్లి ఆ మనిషి గొంతు పట్టుకోవాలనిపించింది.

దాన్ని తీసుకుని మద్రాసు రైలెక్కాడు. తనకి ఎడిటింగ్ నేర్పిన మస్తాన్ మాస్టారు ఊఁ అనకుండా ఏ ముక్కనీ బయటికి పంపే అలవాటు అతనికి లేదు.

మాస్టారిది కావలి. నలభై ఏళ్లు కోడంబాకంలో సినిమాలు కత్తిరించారు. తెలుగు కంపెనీలన్నీ హైదరాబాదు తరలిపోతే ఆయన కదల్లేదు. ఎందుకు సార్ అంటే, ఇక్కడ ఇడ్లీ బాగుంటుందనేవారు. ఆయన దగ్గర సింహాద్రి ఆరేళ్లు పని నేర్చుకున్నాడు. ఇప్పుడాయనకి డెబ్బై ఆరు. శిష్యులంతా కలిసి కొనిచ్చిన కంప్యూటర్ ముందు గదిలో ఉంది. దానిమీద ఎప్పుడూ ఒక తువ్వాలు కప్పి ఉంటుంది.

సింహాద్రి చేరేసరికి పొద్దున తొమ్మిదైంది. మాస్టారు టీ ఇప్పించి, తువ్వాలు తీసి, కొత్త కూర్పు మొత్తం చూశారు. మునిగిపోయే ఘట్టం దగ్గర రెండోసారి వేయించుకుని చూశారు.

“పనితనం బాగుందబ్బాయ్,” అన్నారు.

సింహాద్రి గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. అదంతా పద్దెనిమిదేళ్ల కోపమని చెప్పాడు. మాస్టారు తలూపారు. టీ గ్లాసు కింద పెట్టారు.

“ఆయన చూశాడా?”

“ఎవరు మాస్టారూ?”

“గెడ పట్టుకున్నాయన.”

ఇంకా లేదన్నాడు సింహాద్రి. సినిమా అయ్యాక రేవులో తెర కట్టి ఊరందరికీ చూపిస్తానని మొదట్లోనే మాటిచ్చాడు. తవిటయ్యకి ఇద్దరు మనవరాళ్లు. వాళ్లకి సినిమాలో తాతని చూడాలని ఒకటే తొందరట. పోయిన వారం కూడా ఫోన్ చేసి ఎప్పుడని అడిగారట.

“ఇదే చూపిస్తావా?”

“ఇదే చూపిస్తాను. చూడాలి గదా మాస్టారూ. ఊరంతా వెనకేసుకొచ్చారు. ఒక్కసారైనా ఆ ముఖం ఎట్లాంటిదో చూడాలి.”

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ తెర దగ్గరికి జరిగారు. ఆ చూపు యాడ దొరికిందని అడిగారు.

అది చెప్పేటప్పుడు సింహాద్రికి ఉషారొచ్చింది. మబ్బు పట్టి వెలుతురు పోయిందట. ఎండ కోసం అందరూ ఎదురుచూస్తున్నారట. కెమెరా ఆపడం మర్చిపోయారట. తవిటయ్యకి తనని తీస్తున్నారన్న సంగతే తెలియదట. పనికిరాదని పక్కన పడేసిన వాటిలో వెతుకుతుంటే ఈ ముఖం కనిపించిందట.

“ఆయనకి నటించడం రాదు మాస్టారూ. అది నిజం ముఖం.”

“ఆ షాట్ ఎంతసేపుంది?”

“ఒక నిమిషం ఉంటుంది.”

“మిగతాది?”

“చూడలేదు. కావాల్సింది దొరికింది కదాని నాలుగు సెకన్లు తీసుకుని వదిలేశాను.”

మాస్టారు మౌస్ అందుకున్నారు. ముందు దరువు తీసేశారు. తర్వాత సింహాద్రి అతికించిన నది హోరు తీసేసి, ఆ రోజు రేవులో పట్టిన అసలు శబ్దం తెరిచారు. తెర మీద ఆ నాలుగు సెకన్ల ముక్క చివరి అంచు పట్టుకుని కుడివైపుకి లాగారు. ముక్క పొడుగైంది. ఆయన చేసింది అంతే. తర్వాత వెనక్కి వాలి కూర్చున్నారు.

తవిటయ్య నీళ్లకేసి చూస్తున్నాడు. నాలుగు సెకన్లు అయిపోయాయి. ఇంకా చూస్తూనే ఉన్నాడు. గెడ మీద వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి బిగిశాయి. దూరంగా ఎక్కడో నీళ్లు తపతపలాడుతున్నాయి, ఒక చిన్నపిల్ల నవ్వు వినిపిస్తోంది. రత్నం వేషం వేసిన పిల్ల ఒడ్డు దగ్గర మునగడం అభ్యాసం చేస్తోంది. అది సింహాద్రికి అప్పుడు గుర్తొచ్చింది.

నవ్వు ఆగింది. తవిటయ్య ముఖం చటుక్కున కెమెరా వైపు తిరిగింది.

“బాబూ, పిల్ల ఒడ్డెక్కిందేటి?”

కనిపించని చోటునుంచి సింహాద్రి గొంతే జవాబిచ్చింది. విసుగ్గా ఉంది.

“ఎక్కేసింది మావా. నువ్వు కదలకు, ఎండొస్తోంది.”

తవిటయ్య కదలలేదు. చెప్పినట్టే నిలబడ్డాడు. కళ్లు మాత్రం మళ్లీ నీళ్లమీదికే పోయాయి.

“ఇంకొక్కపాలి సూడు బాబూ,” అన్నాడు.

ఈసారి అతనికి ఎవరూ జవాబివ్వలేదు. ఎండొచ్చింది, కెమెరా తిరుగుతోందని ఎవరో అరిచారు, షాట్ అయిపోయింది.

మాస్టారు దాన్ని మళ్లీ వెయ్యలేదు. సింహాద్రి కూడా వెయ్యమనలేదు. లేచి, మాస్టారి చేతిలోంచి మౌస్ తీసుకుని, పిల్ల చెయ్యి పైకి లేచే రెండు షాట్ల మధ్యనుంచి ఆ ముఖాన్ని తీసేశాడు. రెండు షాట్లూ దగ్గరికి వచ్చి అతుక్కున్నాయి. చెయ్యి లేచింది, మునిగింది, మళ్లీ లేచింది. చూసేవాడికి తిట్టుకోవడానికి నీళ్లు తప్ప ఇంకేమీ లేవు.

పెద్దమనిషి ఇక ఫోన్ ఎత్తడని తెలుసు. దానికంత బాధ లేదు. సింహాద్రికి ఊపిరాడనివ్వనిది వేరే. పద్దెనిమిదేళ్లుగా రత్నం గుర్తొచ్చినప్పుడల్లా ఆ వెంటనే ఈ మనిషి గుర్తొచ్చేవాడు, పళ్లు బిగించుకుంటే సరిపోయేది. ఇప్పుడు రత్నం ఒక్కతే గుర్తొస్తోంది. అమ్మ గట్టిగా వేసిన జడ, చేతిలో తడిసిన పరీక్ష అట్ట గుర్తొస్తున్నాయి. ఎటు తిరిగినా ఆ పిల్లే.

బయట కూరగాయల బండివాడు అరవంలో కేకేసుకుంటూ వెళ్లిపోయాడు. లోపల ఎవరో కుక్కర్ దింపారు.

“మాస్టారూ,” అన్నాడు సింహాద్రి. “ఈయన్ని కూడా తీసేస్తే నాకింక ఎవరూ మిగలరు.”

“మిగలరబ్బాయ్,” అన్నారు మాస్టారు.