కుంచె వెనక గుడ్డ

విశ్వపతికి వచ్చిన చిక్కు చాలా చిన్నది. చెక్క తిన్నెకు రంగు నూనె కుంచెతో వేయాలా, గుడ్డతో పట్టించాలా? అంతే. ఇంత మాత్రానికే మనిషి మనిషిని పోగొట్టుకుంటాడా అని మీరు అడగొచ్చు. పెద్ద విషయాల మీద పోగొట్టుకునేవాళ్ళే తక్కువ తల్లీ. కాస్త ముందుకు జరిగి కూర్చోండి, చెబుతాను.

గోదావరి ఒడ్డున పూర్ణబోధ స్వామివారి ఆశ్రమం ఉండేది. మట్టితో ఎన్ని అరుగులు వేసినా వరద కోసుకుపోతోందని, నీటి వైపు గుంజలు పాతించి, వాటి మీద టేకు పలకలు పరిపించి ఒక తిన్నె కట్టించారు స్వామివారు. సాయంకాలం భజన అక్కడే. చాప వేసుకునే ఆచారం లేదు. రాజుగారు వచ్చినా కూలివాడు వచ్చినా వట్టి పలక మీదే కూర్చోవాలి.

ఎండకూ వానకూ ఆ పలకలు బూడిదరంగు తిరిగిపోయాయి. కార్తీకంలో జనం వచ్చేలోగా వాటికి నూనె పట్టించమని స్వామివారు ఇద్దరు శిష్యులకు పురమాయించారు. ఒకడు విశ్వపతి. చురుకైనవాడు, మాట పదును. రెండోవాడు దాలయ్య. వయసులో కాస్త పెద్ద, నిదానస్తుడు. ఇద్దరూ ఒకే వానాకాలంలో ఆశ్రమానికి వచ్చారు. ఒకే గదిలో పడుకునేవాళ్ళు. విశ్వపతికి జ్వరమొస్తే దాలయ్య గంజి కాచేవాడు. దాలయ్యకు శ్లోకం నోటికి రాకపోతే విశ్వపతి విసుక్కోకుండా వల్లె వేయించేవాడు. ఒకడు "అన్నా" అంటే ఇంకొకడు "తమ్ముడూ" అంటాడు. చూసినవాళ్ళు ఒకే తల్లి బిడ్డలనుకునేవాళ్ళు.

పలకలు గీకి శుభ్రం చేసేదాకా ఏ గొడవా లేదు. అవిసె నూనెలో ఎర్రటి జేగురు మన్ను కలిపి కుండ దగ్గర కూర్చున్నాకే మొదలైంది. కుంచెతో అయితే సందుల్లోకి కూడా రంగు పోతుందనీ, పని తొందరగా తెములుతుందనీ విశ్వపతి. గుడ్డ ముంచి రుద్దితేనే నూనె లోపలికి ఇంకుతుందనీ, చెక్క తాగినంత తాగాక పైన మిగిలింది తీసెయ్యకపోతే ఆరదనీ దాలయ్య. ఎవరి మాట వారికి సరైనదే. తేలక స్వామివారి దగ్గరికి వెళ్ళారు. ఆయన ఇద్దరి మాటలూ విని, మీరిద్దరూ కూర్చుని అనుకోండి అన్నారు. 

కూర్చుని అనుకుంటే బాగుండేది. విశ్వపతి ఆ తగువును భోజనాల పంక్తిలోకి తెచ్చాడు. దాలయ్యన్న గుడ్డతో రుద్దుతూ పోతే ఈ కార్తీకానికి కాదు, వచ్చే కార్తీకానికి నూనె పూర్తవుతుందన్నాడు. అందరూ నవ్వారు. దాలయ్య కూడా నవ్వాడు. అక్కడ ఆగాల్సింది. నవ్వు వినబడితే ఇంకో మాట అనాలనిపిస్తుంది చూశారా, అది మనందరికీ ఉన్న జబ్బే.

"తిన్నె సంగతి సరే, అన్న ధ్యానం కూడా అంతే. ఇన్నేళ్ళుగా ఒక్క చోటే రుద్దుతున్నాడు, లోపలికి ఇంకింది లేదు."

పంక్తి మళ్ళీ నవ్వింది. ఈసారి దాలయ్య నవ్వలేదు.

ఎందుకంటే నాయనా, ఆ మాట దాలయ్యదే. కళ్ళు మూసుకుంటే తన మనసు నిలవడం లేదనీ, ఈ జన్మకు ఇంతేనేమోననీ ఒకసారి గదిలో విశ్వపతి ఒక్కడికే చెప్పుకుని కంటతడి పెట్టుకున్నాడు. ఆనాడు విశ్వపతి అతని వీపు నిమిరాడు. ఈనాడు దాన్నే తీసి పంక్తిలో వడ్డించాడు.

దాలయ్య అన్నం పూర్తిగా తిన్నాడు. విస్తరి తీశాడు. తెల్లవారుజామునే స్వామివారికి సాష్టాంగపడి, ఏటి అవతలి ఆశ్రమంలో గోశాల చూసుకునే మనిషి కావాలంటున్నారు, వెళ్తానని సెలవు తీసుకున్నాడు. స్వామివారు తల మీద చెయ్యి పెట్టి పంపారు. విశ్వపతి నిద్ర లేచేసరికి అన్న పడుకునే చోట చాప చుట్టి ఉంది.

నాలుగు రోజులు పోతే అన్నే తిరిగొస్తాడులే అనుకున్నాడు విశ్వపతి. అనుకుని కుంచె పట్టాడు. ఒక్కడే తిన్నె మొత్తం వేసేశాడు. సాయంకాలం ఎండలో ఎర్రగా మెరిసిపోతుంటే చూసి మురిసిపోయాడు కూడా.

మర్నాడు భజనకు జనం కూర్చున్నారు. మంగళహారతికి లేవబోతే పంచెలు పలకలకు అంటుకుపోయాయి. వెనకవైపంతా జేగురు. ఒక ముసలమ్మ కొత్త తెల్లచీర పట్టుకుని, "ఇదేం ప్రసాదం నాయనా" అంది. నవ్వినవాళ్ళు నవ్వారు, తిట్టుకున్నవాళ్ళు తిట్టుకున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే పలకల మీద ఆకులు, పురుగులు, దుమ్ము అతుక్కుని ఉన్నాయి. చెక్క తాగగా మిగిలిన నూనె పైన జిగురులా నిలిచిపోయింది.

విశ్వపతి అదంతా గీకేశాడు. మళ్ళీ నూనె కలిపాడు. ఎవరినీ సాయం పిలవలేదు. పిలవడానికి మొహం చెల్లలేదు. ఒక పలకకు కుంచె వేసి రెండో పలకకు జరిగేసరికి వెనక ఏదో అలికిడైంది. తిరిగి చూస్తే స్వామివారు. మోకాళ్ళ నొప్పితో మెట్లు దిగడమే కష్టమైన మనిషి, పలక మీద వంగి కూర్చుని, చేతిలో పాత గుడ్డతో అతను వేసిన నూనె తుడుస్తున్నారు.

"మీరు లేవండి స్వామీ. నేను తుడుచుకుంటాను."

"నువ్వు ముందుకు పోతున్నావు కదా నాయనా. వెనక ఎవరు తుడుస్తారు?"

విశ్వపతి మళ్ళీ వంగాడు. కుంచె వేస్తూ పోయాడు. కానీ ఆ వృద్ధుడి చెయ్యి నిదానంగా కదులుతోంది. అతను ఒక పలక వేసే వేళకు ఆయన జానెడు కూడా తుడవలేకపోతున్నారు. ఆయన అందుకునేదాకా విశ్వపతి కుంచె ఎత్తి పట్టుకుని ఆగవలసి వచ్చింది. అలా ఆగి ఆగి, తన వెనక ఇన్నాళ్ళూ ఎవరు వచ్చారో తలుచుకున్నాడు. తాను తొందరపడి అన్న మాటలకు వెళ్ళి సర్దిచెప్పింది ఎవరు, తాను సగంలో వదిలేసిన పనులు పూర్తిచేసింది ఎవరు, అన్నీ. కుంచెలోంచి నూనె చుక్కలు చుక్కలుగా పాదం మీద పడుతోంది. తెలియలేదు.

కుంచె కింద పెట్టాడు. ఏరు దాటి వెళ్ళొస్తానన్నాడు. స్వామివారు తల ఎత్తకుండానే, "వెళ్ళిరా" అన్నారు.

పడవ దాటి గోశాలకు చేరేసరికి దాలయ్య దూడకు గడ్డి పెడుతున్నాడు. చూడగానే ఎదురొచ్చాడు. కాళ్ళకు నీళ్ళిచ్చాడు, చల్ల ఇచ్చాడు. స్వామివారి మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. పంచెలు అంటుకుపోయిన సంగతి చెబితే మనసారా నవ్వాడు. విశ్వపతి కాళ్ళ మీద పడబోతే పట్టుకుని లేపాడు.

తప్పయిపోయింది, వచ్చెయ్యి అన్నా అని విశ్వపతి ఎంతో బతిమాలాడు. ఇక్కడ ఆవులు అలవాటు పడ్డాయనీ, వదిలిరావడం బాగుండదనీ దాలయ్య మెల్లగా చెప్పాడు. రేవు దాకా వచ్చి పడవ ఎక్కించాడు.

"మీరు ఇంత దూరం వచ్చారు, అదే పదివేలు. జాగ్రత్తగా వెళ్ళండి విశ్వపతి గారూ."

విశ్వపతి తిరిగొచ్చేసరికి భజన అయిపోయి జనం వెళ్ళిపోయారు. స్వామివారు ఒక్కరే తిన్నె మీద కూర్చుని ఉన్నారు. విశ్వపతి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"వస్తానన్నాడా?"

"లేదు స్వామీ."

"కోపంగా ఉన్నాడా?"

"లేదు స్వామీ. నవ్వుతూనే మాట్లాడాడు." పలక అంచున కూర్చున్నాడు. "నన్ను 'మీరు' అన్నాడు స్వామీ."

స్వామివారు పక్కనున్న పాత గుడ్డ మడిచి పెట్టారు.

"కోపం ఉంటే వచ్చేవాడు నాయనా."