కనుమ సత్రంలో కాఫీ మర

అనగనగా, మబ్బులు దారిమీదే నడిచే ఒక కనుమ ఉండేది. ఆ కనుమలో ఒకే ఒక సత్రం. దాన్ని నాంచారమ్మ, ఆమె భర్త పేరయ్య నడిపేవారు. కొండ దిగే బండివాళ్లకు అక్కడి వేడి కాఫీయే ప్రాణం. మలుపు మలుపుకూ లోయ. కునుకు పట్టిందంటే బండీ దక్కదు, మనిషీ దక్కడు.

ఆ ఏడు సత్రంలో కాఫీ గింజలు విసిరే తిరగలి అరిగిపోయింది. కాఫీ ఒకనాడు చేదు, ఒకనాడు ఉత్త నీళ్లు. బండివాళ్ల సణుగుడు కోట దాకా వెళ్లింది. దారుల అధికారి ఉగ్రసేనుడు దిగాడు. పున్నమినాడు మహారాజు సేనతో కనుమ దాటుతున్నారనీ, ఆనాడు కాఫీ బాగోకపోతే సత్రం మరొకరికి ఇచ్చేస్తామనీ చెప్పి వెళ్లాడు.

పేరయ్యకు అన్నం సయించలేదు. నాంచారమ్మ గింజల సంచి చంకన పెట్టుకుని, అతణ్ణి వెంటబెట్టుకుని సంతకు బయలుదేరింది.

మొదటి వర్తకుడి మర ఇత్తడిది, నెమలి చెక్కడంతో ధగధగలాడుతోంది. పేరయ్య దానిమీద వేసిన చెయ్యి తీయలేదు. నాంచారమ్మ పిడికెడు గింజలు పోసి తిప్పించి, పొడిని తెల్లగుడ్డమీద పరిచింది. సగం దుమ్ము, సగం పలుకులు.

రెండోది ఎద్దు తిప్పే పెద్ద మర. చూస్తూండగానే గంపెడు పొడి రాల్చింది. ఆ పొడి చేతికి చురుక్కుమంది, మాడు వాసన కొట్టింది. లోపల చూపించమంటే విప్పడానికి రాదన్నాడు వర్తకుడు.

మూడోది నల్లటి ఇనుప మర. పొడి నెమ్మదిగా రాలింది, కానీ చల్లగా, ఒకే తీరుగా రాలింది. అడగకముందే వర్తకుడు మర విప్పి లోపలి పళ్లు చూపించాడు. నాంచారమ్మ దాన్నే తీసుకుంది.

ఇంటికి వచ్చి మరీ మెత్తగా పట్టింది. నీళ్లు దిగక కాఫీ చేదెక్కింది. మర వదులు చేస్తే పలచబడింది. మళ్లీ కాస్త బిగించింది. అప్పుడు కుదిరింది.

పున్నమి దగ్గరపడింది. ముందురోజే పొడి పట్టి ఉంచుదామని పేరయ్య బతిమాలాడు. నిలవ పొడికి వాసన నిలవదని ఆమె ఒప్పుకోలేదు. పున్నమినాడు తెల్లవారేసరికి జోరువాన. చలికి వణుకుతూ సేన వచ్చి వాకిట నిలిచింది, ముందు గుర్రంమీద మహారాజు. ఉగ్రసేనుడు గడపలోనే నిలబడి తొందరపెడుతున్నాడు.

మర తిరుగుతోంది. ఉన్నట్టుండి లోపల సన్నగా కిర్రుమంది.

నాంచారమ్మ చెయ్యి ఆగింది. మర విప్పింది. ఒక పన్ను అంచు విరిగి ఉంది. విరిగిన ముక్క కనిపించలేదు.

"చల్లెడ పట్టి పోసెయ్, నాంచారీ. ఎవరికీ తెలియదు," అన్నాడు పేరయ్య.

ఆమె పట్టిన పొడి అంతా వానలో పారబోసింది. అలాగే తడుస్తూ రాజుగారి గుర్రం ముందు నిలబడింది.

"ప్రభూ, మర పన్ను విరిగి పొడిలో కలిసింది. రోట్లో దంచి ఇస్తాను. ఆలస్యమవుతుంది."

పేరయ్య కళ్లు మూసుకున్నాడు.

"చల్లెడ లేదా నీ ఇంట?" అడిగాడు రాజు.

"ఉంది ప్రభూ. పెద్ద ముక్కను చల్లెడ ఆపుతుంది. సన్నటి ఇనుప రజను మీ గొంతులో దిగుతుంది."

రాజు గుర్రం దిగి, సత్రం అరుగుమీద కూర్చున్నాడు. ఆయన కూర్చుంటే సేన కూర్చుంది. లోపల రోకలి చప్పుడు మొదలైంది.

ఎట్టకేలకు కాఫీ వచ్చింది. కాస్త పలచగానే ఉంది. రాజు చివరిదాకా తాగి లోటా దించాడు.

"ఉగ్రసేనా, ఈ సత్రం ఈమెదే. ఇక్కడ ఏమిచ్చినా నా సైనికులు కళ్లు మూసుకుని తాగవచ్చు."

పేరయ్య వెళ్లి, రోకలి తన చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా సేనంతా తాగాలి మరి.

పిల్లలూ, పనిముట్టును చూసి ఎంచుకోవడం తెలివి. అది చెడిందని తెలిసిన క్షణాన పని ఆపి నిజం చెప్పడమే అతిథికి చేసే అసలైన మర్యాద.